వాకబు చేసే మనిషికి అర్హతేమిటి?

ప్రైవేట్ డిటెక్టివ్ అనగానే మా నెల్లూరు వాళ్ళకి ముందు గుర్తొచ్చేది 2019లో వచ్చిన 'ఏజెంట్ సాయి శ్రీనివాస ఆత్రేయ' సినిమా. మన ఊళ్ళోనే చిన్న ఆఫీసు పెట్టుకుని, దానికి ఎఫ్‌బీఐ అని బోర్డు తగిలించి, అడిగితే ఫాతిమా బ్యూరో ఆఫ్ ఇన్వెస్టిగేషన్ అని చెప్పే కుర్రాడి కథ. హాల్లో అందరం పడీ పడీ నవ్వుకున్నాం. సినిమాలో నవ్వులాట కోసం పెట్టారనుకున్నాం గానీ, మన దేశంలో ఆ బోర్డు తగిలించడానికి నిజంగానే పరీక్ష లేదు, చదువు లేదు, డిటెక్టివ్ లైసెన్సు అని ప్రత్యేకంగా ఒక కాగితమూ లేదు. మామూలు కొట్టుకి చేయించినట్టే ఒక రిజిస్ట్రేషన్, పన్ను కట్టే నంబరు ఉంటే చాలు. రేపు పొద్దున మీరూ నేనూ కలిసి పెట్టేసుకోవచ్చు.

ఇది మన ఇళ్ళ సంగతి కాదు కదా, పోలీసుల సంగతి అనుకుంటారేమో. కాదు. మన దగ్గర ఈ డిటెక్టివుల దగ్గరకు వెళ్ళే పనుల్లో పెద్ద వాటా పెళ్ళి సంబంధాలదే. అబ్బాయి అలవాట్లేమిటి, అమ్మాయికి ఇదివరకు ఏమైనా ఉందా, చెప్పిన జీతం నిజమేనా. మన అమ్మమ్మలు 'వాకబు' అనేవాళ్ళే, అదే. ఉర్దూ నుంచి వచ్చిన మాట అయినా పెళ్ళి మాటల్లో మనకది పసుపూ కుంకుమంత సొంతమైపోయింది. అందుకే ఆ వాకబు చేసే మనిషికి ఉండాల్సిన అర్హతల గురించి మన పెద్దలు ఎప్పుడైనా ఆలోచించారా అని పాత పుస్తకాలు తీశాను. తెలుగు బీఏ చదివినందుకు ఇన్నేళ్ళకి ఒక పని దొరికింది.

ఆలోచించారు, అదీ చాలా నిక్కచ్చిగా. కృష్ణదేవరాయలు ఉదయగిరి కోటని ముట్టడించి 1514లో పట్టుకున్నాడని మా జిల్లాలో బడిపిల్లలు కూడా చెప్తారు. ఆ రాయలే రాసిన ఆముక్తమాల్యదలో, నాలుగో ఆశ్వాసంలో, యామునాచార్యుడు కొడుక్కి రాజనీతి బోధిస్తాడు. అందులో వేగులవాడు ఎలా ఉండాలో ఒక్క పద్యంలో చెప్పేస్తాడు. వాడి ఇల్లు రాజధానిలోనే ఉండాలి. నాలుగు భాషలు రావాలి. తక్కిన వేగులవాళ్ళెవరో వాడికి తెలియకూడదు. ఫలానా మతం వాడని చూడగానే తెలిసే గుర్తులు ఒంటిమీద ఉండకూడదు. కోరిన దానికంటే ఎక్కువ డబ్బు ఇవ్వాలి. ఇలా లేనివాడు వేగులవాడే కాడు. ఇల్లు రాజధానిలో ఎందుకుండాలో నేను చాలాసేపు ఆలోచించాను. నాకు తోచింది ఇది: పెళ్ళాం బిడ్డలు రాజు కళ్ళ ముందుంటే మనిషి అబద్ధం చెప్పి పారిపోలేడు. డబ్బు ఎక్కువ ఎందుకంటే అవతలివాడు కొనెయ్యకుండా. అంటే అర్హత అన్నప్పుడు రాయలు తెలివితేటలతో ఆగలేదు, రేపు తప్పు జరిగితే దొరికే మనిషేనా అనీ చూశాడు.

ఆయనకంటే ఎన్నో వందల ఏళ్ళ ముందు అర్థశాస్త్రం ఇంకో జాగ్రత్త చెప్పింది. ఒకరికొకరు తెలియని ముగ్గురు వేగులు ఒకే మాట చెప్తేనే నమ్మాలట. ఒక్కడి మాట మీద ఎవరి కొంపా కూల్చకూడదన్న మాట. అందులో ఆడవేగులూ ఉన్నారు. బతుకుతెరువు లేని, తెలివైన, ధైర్యం గల వితంతువు సన్యాసిని వేషంలో అంతఃపురానికీ మంత్రుల ఇళ్ళకీ రాకపోకలు సాగిస్తుంది. గడప దాటి లోపలికి వెళ్ళే పని ఆడమనిషికే కుదురుతుందని అప్పుడే తెలుసు.

అమెరికాలోనూ అంతే. 1856లో కేట్ వార్న్ అనే యువ వితంతువు షికాగోలో అలన్ పింకర్టన్ డిటెక్టివ్ ఆఫీసుకి వెళ్తే, గుమస్తా పనికి వచ్చిందేమో అనుకున్నాడట ఆయన. కాదు, డిటెక్టివ్ పనే కావాలంది. మగవాళ్ళు అడుగు పెట్టలేని చోట ఆడవాళ్ళు రహస్యాలు రాబట్టగలరని చెప్పి ఒప్పించింది. 1861లో లింకన్‌ని చంపే కుట్ర ఉందన్న అనుమానంతో ఆయన్ని రైల్లో రహస్యంగా వాషింగ్టన్ చేర్చినప్పుడు, జబ్బుపడిన అన్నను తీసుకెళ్తున్న చెల్లెలిలా నటించింది ఆవిడే. పింకర్టన్‌కంటే ముందు, 1833లోనే పారిస్‌లో ప్రైవేట్ ఆఫీసు తెరిచిన విడోక్ అయితే ఒకప్పుడు జైలుపక్షి. పోలీసు విభాగానికి అధికారి అయ్యి, ఆ తర్వాత ఈ దుకాణం పెట్టాడు. ఈనాటి లైసెన్సు నిబంధనల ముందు నిలబడితే ఆయన దరఖాస్తు మొదటి కిటికీ దగ్గరే తిప్పి పంపేవారు.

మనకి మాత్రం డిటెక్టివ్ ఆఫీసుకంటే డిటెక్టివ్ నవల ముందొచ్చింది. కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివ్ యుగంధర్, అసిస్టెంట్ రాజు, ఇన్‌స్పెక్టర్ స్వరాజ్యరావు. అద్దె పుస్తకాల షాపులో రోజుకింత అని కట్టి తెచ్చుకుని, వంటింట్లో పప్పు మాడబెట్టుకుంటూ చదివిన వాళ్ళు మీలో ఎంతమంది ఉన్నారో చేతులెత్తండి. 1986లో జంధ్యాల గారి 'చంటబ్బాయ్' వచ్చింది. ఈ పుస్తకాలూ సినిమాలూ చూసిన కళ్ళతో యుగంధర్ గారిని నీ లైసెన్సేదయ్యా అని అడగాలన్న ఊహే మనకి రాలేదు. మంచివాడని రచయితే హామీ ఉన్నాడుగా.

ఇంక ఇళ్ళలో జరిగే అసలు వాకబు సంగతి. అది లేకపోతే ఏమవుతుందో గురజాడ వారు కన్యాశుల్కంలో చూపించారు. లుబ్ధావధాన్లు పెళ్ళాడింది ఆడపిల్ల వేషం వేసిన కరటక శాస్త్రి శిష్యుణ్ణి. డబ్బులో చవగ్గా వస్తోందన్న ఆత్రం, మధ్యలో రామప్పంతులు ఊరింపు, అంతే తప్ప పిల్ల ఎవరి బిడ్డ, ఏ ఊరు అని ఒక్కడు కదిలి వెళ్ళి అడిగిన పాపాన పోలేదు. మధ్యవర్తికి తన లాభం ఉన్నప్పుడు వాడి మాట వాకబు కాదని ఆ నాటకం చదివితే అర్థమవుతుంది.

మా సముద్రపు ఒడ్డు ఊళ్ళలో వాకబుకి ఒక పద్ధతి ఉండేది. సంబంధం వచ్చిన ఊళ్ళో తెలిసిన మనిషి ఎవరో ఒకరు తేలేవాళ్ళు. వడ్లు తోలే వ్యాపారో, బడి పంతులో, ఆ ఊరికి కోడలుగా వెళ్ళిన మన ఊరి ఆడబిడ్డో. మా తాతయ్య ఎద్దుల కోసమని చెప్పి పోయి రెండు రోజులుండి వచ్చేవాడట. ఆ ఇంటి వాళ్ళు పాలేరుతో ఎట్ట మాట్లాడుతున్నారో చూసి సంబంధం తేల్చేవాడట. అదంతా బంగారు కాలమని నేను అనను. ఆ వాకబుల్లో కులం పట్టింపులూ, పిల్ల నలుపనీ, తల్లి నోరు పెద్దదనీ చెప్పుకునే ఛాదస్తాలూ బోలెడు. ఎంతమంది ఆడపిల్లలు ఒక్క ఈర్ష్య మాటకి ఇంట్లోనే ఉండిపోయారో. కానీ ఒక్క మేలుండేది. చెప్పినవాడెవడో తెలిసేది. పెళ్ళిళ్ళ పేరయ్య అబద్ధం చెప్తే, వచ్చే మాఘమాసంలో ఇంకో పెళ్ళి పందిట్లో వాణ్ణి చొక్కా పట్టుకుని అడగొచ్చు.

ఇప్పుడు మా ఇంట్లో జరిగింది చెప్తాను. మా పిన్ని కూతురికి మూడేళ్ళ కిందట ఒక సంబంధం వచ్చింది. ఫోటోలు, జాతకాలు, వీడియో కాల్సు అన్నీ అయ్యి, తాంబూలాలకి రోజు చూస్తుండగా అవతలి వాళ్ళు వెనక్కి పోయారు. ఎందుకో చెప్పలేదు. మధ్యలో ఉన్న ఒకాయన జాలిపడి, వాళ్ళు ఒక ఏజెన్సీ చేత రాయించుకున్న నాలుగు పేజీల రిపోర్టు చూపించాడు. పిల్ల చెన్నైలో చదివేటప్పుడు ఏదో గొడవ వల్ల ఆర్నెల్లు కాలేజీ మానేసిందని, విశ్వసనీయ స్థానిక వర్గాల ద్వారా తెలిసిందని ఉంది అందులో. ఆ ఆర్నెల్లూ అది పచ్చకామెర్లతో మా ఇంట్లోనే ఉంది. పత్యం వండి పెట్టింది నేను.

తర్వాత ఒక్కొక్కటే తెలిసింది. ఆ నెలలో ఏదో సర్వే అని చెప్పి ఒక మనిషి వీధిలో తిరిగాడు. రొయ్యల గుంట కట్ట దగ్గర బాబాయితో నీళ్ళ తగాదా ఉన్న ఇంట్లో కూర్చుని టీ తాగిపోయాడు. విశ్వసనీయ వర్గం ఆ ఇల్లే. కౌటిల్యుడి ముగ్గురు ఏరీ? ఒక్కడే, వాడూ పగవాడే. రిపోర్టు కింద రాసినవాడి పేరు లేదు, పొడి అక్షరాలు రెండున్నాయి. ఉన్న ఫోన్ నంబరుకి చేస్తే, ఆ వివరాలు డబ్బు కట్టినవాళ్ళకే చెప్తామన్నారు. పిల్ల ఏడవలేదు. నా వైపు చూసి, "ఏందక్కా, నన్ను గురించి రాసినోడెవడో నాకు తెలవకూడదా?" అంది. నేను ఏం చెప్పను? చట్టం ఏమంటుందో వెతుకుదాం అని కూర్చున్నది ఆ రాత్రే.

వెతికితే విచిత్రం కనపడింది. అపార్ట్‌మెంట్ గేటు దగ్గర కర్ర పట్టుకుని కూర్చునే వాచ్‌మన్‌ని పంపే ఏజెన్సీకి మన దేశంలో లైసెన్సు ఉండాలి. 2005లో ప్రైవేట్ సెక్యూరిటీ ఏజెన్సీల నియంత్రణ చట్టం వచ్చింది. గార్డు వయసు పద్ధెనిమిది నిండి, అరవై అయిదు లోపు ఉండాలి. ఆరోగ్యం, నడవడిక, పాత కేసులు చూడాలి. కేంద్రం ఇచ్చిన నమూనా నియమాల ప్రకారం వంద గంటలు తరగతిలో, అరవై గంటలు బయట శిక్షణ ఉండాలి. లైసెన్సు లేకుండా ఏజెన్సీ నడిపితే ఏడాది దాకా జైలు, పాతికవేల దాకా జరిమానా. అంతా బాగుంది. అయితే ఆ చట్టం మనిషినో ఆస్తినో కాపలా కాసే పనికే. ఆరా తీసే పని అందులో లేదు. అంటే గేటు బయట నిలబడేవాడికి నూట అరవై గంటల చదువు, గేటు దాటి ఆడపిల్ల బతుకులోకి తొంగి చూసేవాడికి సున్నా. 'సెక్యూరిటీ అండ్ డిటెక్టివ్ సర్వీసెస్' అని కలిపి బోర్డు పెట్టి లైసెన్సు నంబరు వేసుకున్నవాళ్ళని చూస్తే గుర్తుంచుకోండి, ఆ నంబరు కాపలా పనిది.

లోటు ప్రభుత్వానికి తెలియక కాదు. 2007 ఆగస్టులో ప్రైవేట్ డిటెక్టివ్ ఏజెన్సీల నియంత్రణ బిల్లు రాజ్యసభలో పెట్టారు. లైసెన్సు తప్పనిసరి అన్నారు, నేరచరిత్ర ఉన్నవాళ్ళకి కుదరదన్నారు, కేంద్రంలో, రాష్ట్రాల్లో బోర్డులన్నారు. స్థాయీ సంఘం చూసింది, 2009లో నివేదిక ఇచ్చింది. ఆ తర్వాత ఏళ్ళ తరబడి అలాగే పడి ఉండి, చట్టం కాకుండానే ఆఖరికి వెనక్కి వెళ్ళిపోయింది. మనింట్లో అటక మీద పెట్టిన ఇత్తడి గంగాళంలాగా. ఉందని అందరికీ తెలుసు, దించేవాళ్ళు లేరు.

మన పిల్లలు సగంమంది ఉంటున్న కాలిఫోర్నియాలో చూడండి. అక్కడ ప్రైవేట్ డిటెక్టివ్ లైసెన్సు కావాలంటే ఆరువేల గంటల అనుభవం చూపించాలి, అంటే దాదాపు మూడేళ్ళ పని. లా చదివినా, పోలీసు శాస్త్రంలో డిగ్రీ ఉన్నా నాలుగు వేల గంటలకి తగ్గిస్తారు. వేలిముద్రలిచ్చి, రాత పరీక్ష పాసవ్వాలి. వాళ్ళ లైసెన్సు నంబరు ఎవరైనా ఇంట్లో కూర్చుని ప్రభుత్వ వెబ్‌సైటులో చూసుకోవచ్చు. కాబట్టి ఒకే సంబంధంలో, అక్కడి అబ్బాయి గురించి అడిగేవాడు పరీక్ష పాసైనవాడు, ఇక్కడి అమ్మాయి గురించి అడిగేవాడు సర్వే పేరు చెప్పి టీ తాగిపోయేవాడు. తెల్లవాళ్ళందరూ సరిగ్గా ఉన్నారనీ కాదు. బ్రిటన్‌లో 2001 చట్టంలో వీలు పెట్టుకుని, 2013లో అప్పటి హోం మంత్రి థెరిసా మే లైసెన్సులు తెస్తామని ప్రకటించి కూడా ఇప్పటికీ అమలు చెయ్యలేదు.

లైసెన్సు లేనంత మాత్రాన డిటెక్టివుకి ఏదైనా చెయ్యొచ్చని కాదు, ఇది మనం బాగా తెలుసుకోవాలి. ఫలానా అమ్మాయి ఎవరెవరితో ఫోన్ మాట్లాడిందో లిస్టు తెప్పిస్తామంటారు చూడండి, ఆ కాల్ రికార్డులు పోలీసుల్లోనే ఎస్పీ స్థాయి అధికారి అడిగితే తప్ప ఫోన్ కంపెనీ ఇవ్వకూడదు. 2018లో మహారాష్ట్రలో ఠాణే పోలీసులు ఇలా రికార్డులు కొని అమ్మే ముఠా కేసులో కొందరు ప్రైవేట్ డిటెక్టివుల్నే అరెస్టు చేశారు. ఆడమనిషి ఇంటర్నెట్ వాడకాన్నీ, ఈమెయిళ్ళనీ ఒక మగవాడు గమనిస్తూ ఉండటం 2013 నుంచీ నేరమే. ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 78వ సెక్షను. నేర పరిశోధన కోసమైతే మినహాయింపు ఉంది, కానీ ప్రభుత్వం ఆ బాధ్యత అప్పగించిన వాడికే. అత్తగారు అప్పగిస్తే చెల్లదు.

పెళ్ళయ్యాక కూడా ఈ గోల ఆగదు కదా. విడాకుల కేసుల్లో సాక్ష్యం కోసం డిటెక్టివుల్ని పెట్టుకోవడం, ఫోన్లలో రికార్డు పెట్టడం ఎక్కువైంది. దీని మీద మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టు తీర్పు ఒకటి 2008 లా రిపోర్టుల్లో ఉంది. భార్య తన తల్లిదండ్రులతో, స్నేహితులతో మాట్లాడిన ఫోన్ మాటల్ని ఆవిడకి తెలియకుండా భర్త రికార్డు చేసి, విడాకుల కేసులో కోర్టు ముందు పెట్టాడు. భర్తయినా సరే, అది చట్టవిరుద్ధం, ఆమె గోప్యత హక్కుకి భంగం, సాక్ష్యంగా తీసుకోం అంది కోర్టు. 2017లో సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యత ప్రాథమిక హక్కని చెప్పేటప్పటికి, ఈ మాట మన తెలుగు కోర్టు గదిలో వినిపించి దాదాపు పదేళ్ళయింది.

కానీ 2025 జూలై 14న సుప్రీంకోర్టే ఇంకో తీర్పిచ్చింది. భార్యాభర్తలు తమలో తాము మాట్లాడుకున్నది ఒకరు రహస్యంగా రికార్డు చేసినా, వాళ్ళిద్దరి మధ్య నడిచే కేసులో సాక్ష్యంగా చూడొచ్చంది. ఒకరి మీద ఒకరు నిఘా పెట్టుకునే దాకా వచ్చిందంటే ఆ కాపురంలో నమ్మకం ముందే పోయిందని కూడా అంది. నాకైతే ఈ తీర్పు రెండంచుల కత్తిలాగే కనిపిస్తోంది. నాలుగు గోడల మధ్య దెబ్బలూ తిట్లూ తిని, బయటికొచ్చి చెప్తే ఎవరూ నమ్మని ఆడపిల్లకి ఆ ఫోన్ రికార్డింగే దిక్కు. అదే ఫోను మొగుడి చేతిలో ఉంటే, రెచ్చగొట్టి రెచ్చగొట్టి ఆవిడ అరిచిన రెండు నిమిషాలే కోర్టుకెళ్తాయి. రెండు తీర్పులకీ తేడా గమనించండి. పాత కేసులో అవి ఆమె వేరేవాళ్ళతో మాట్లాడుకున్న మాటలు, కొత్త దాంట్లో మొగుడూ పెళ్ళాల మాటలు.

మరి డిటెక్టివులే వద్దా అంటే, అలా అనలేను. అమెరికాలో ముందే పెళ్ళయి ఉన్నాడని తాళి కట్టించుకున్నాక తెలిసి, తిరిగొచ్చిన పిల్లలు మన జిల్లాలోనే ఉన్నారు. మా తాతయ్య ఎద్దుల నెపంతో డాలస్ వెళ్ళలేడు. తెలిసినవాళ్ళు లేని చోట డబ్బిచ్చి అడిగించుకోవడం తప్పదు. మంచి డిటెక్టివులూ ఉంటారు, ఆడవాళ్ళూ ఉన్నారు. ముంబైలో రజని పండిత్ గారు 1991లోనే సొంత ఏజెన్సీ పెట్టారు. మరి చట్టం అర్హతలు రాయనప్పుడు, డబ్బిచ్చే మనమే రాసుకోవాలి.

మొన్న మా ఆడపడుచు తన కూతురికి వచ్చిన సంబంధానికి ఏజెన్సీ పెడతానంటే, ఒక కాగితం మీద అయిదు ప్రశ్నలు రాసిచ్చాను. మా ఊరికో వాళ్ళ ఊరికో వెళ్ళే మనిషి పేరేంటి, ఇదివరకు ఏం చేసేవాడు? ఏం అబద్ధం చెప్పి అడుగుతాడు? ఒకరికొకరు సంబంధం లేని కనీసం ముగ్గురి దగ్గర అడిగినట్టు రాస్తారా? ఫోన్ రికార్డులు, బ్యాంకు వివరాలు ముట్టుకోమని కాగితం మీద రాసిస్తారా? రిపోర్టు కింద సంతకం పెట్టి, అవతలి వాళ్ళు ఇది తప్పంటే వచ్చి జవాబు చెప్తారా?

తను మూడు ఏజెన్సీలకి ఫోన్ చేసింది. ఒకాయన మొదటి ప్రశ్నకే నవ్వాడట. ఇంకో ఆయన నాలుగో ప్రశ్న దాకా ఓపిగ్గా చెప్పి, అయిదోది అడగ్గానే సిగ్నల్ లేదమ్మా అని పెట్టేశాడట. మూడోది ఒకావిడ. అయిదూ విని, "సంతకం పెడతానండీ, కానీ అప్పుడు ఫీజు ఎక్కువవుతుంది" అందట. మా ఆడపడుచు బేరమాడకుండా అడ్వాన్సు పంపింది.